ఎర్ర స్కీల వెనక నలభై ముగ్గురు

మా ఊళ్ళో జనం టికెట్టు కొనుక్కుని మరీ దిగజారతారు. మిగతా ఊళ్ళల్లో దిగజారడానికి మనిషికి తనంతట తనకే తోవ దొరుకుతుంది. మాకు మాత్రం అందుకో కొండ ఉంది, తాడుకి వేలాడే కుర్చీల్లో కొండ మీదికి లాక్కెళ్ళే లిఫ్టు ఉంది, ఎలా దిగజారాలో నేర్పే గురువులున్నారు, అందంగా దిగజారినవాళ్ళకి రొమ్ము మీద గుచ్చుకునే బిళ్ళలున్నాయి. పళ్ళ డాక్టరు తెషిమా గారికి అలాంటి బిళ్ళలు మూడు. వేసవిలో చొక్కాకి కూడా గుచ్చుకుని తిరుగుతాడాయన.

నాకు ఒక్కటీ లేదు. నాది క్షవరం దుకాణం. ఇంటిపేరు కుసాకరి, అంటే గడ్డి కోసేవాడని అర్థం. మా తాత గడ్డి కోశాడు, నేను జుట్టు కోస్తాను, కోతలు కోయడం మాత్రం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి.

మా ప్రాంతంలో క్షవరం దుకాణాలకి సోమవారం సెలవు. అందుచేత నా జీవితంలో మంచి మంచు అంటే ఆదివారం చీకటి పడ్డాక మొదలై సోమవారం తెల్లారేసరికి మోకాలి లోతు పడాలి. ఆ ముహూర్తం ఇరవయ్యేడేళ్ళలో పదకొండుసార్లు కుదిరింది. పదకొండుసార్లూ లిఫ్టు దగ్గర వరసలో మొదట ఉన్నవి తెషిమా గారి స్కీలే, అంటే మంచు మీద జారడానికి ఆయన కాళ్ళకి తగిలించుకునే కర్రలే. పళ్ళ డాక్టరుకి ఏ వారమైనా సెలవే. మంచు పడిందంటే తలుపుకి "ఈ రోజు అధ్యయనం" అని అట్ట తగిలించి వచ్చేస్తాడు. పన్ను ఎగ్గొట్టేవాళ్ళు దేశమంతా ఉన్నారు. పన్ను పీకడం ఎగ్గొట్టేవాడు మాత్రం మా ఊళ్ళోనే ఉన్నాడు.

ఇంక పన్నెండో సోమవారం సంగతి. దాని తర్వాత వచ్చే బుధవారం నాకు అసహికావా పెద్దాసుపత్రిలో కుడి మోకాలి కీలు మార్పిడి. "తర్వాత హాయిగా నడవొచ్చు, మెట్లెక్కొచ్చు," అని డాక్టరు ఆగాడు. "స్కీ?" అన్నాను. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. ఆ సర్దుడులోనే జవాబు ఉంది. పుట్టిన దగ్గర్నుంచి ఊరంతా నాకు మోకాలడ్డుతూ వచ్చింది, ఆఖరికి నా మోకాలే నాకు అడ్డం పడింది.

అంచేత నాకు కావలసింది ఒక్కటే. మా కొండ మీద కుందేలు వాలని ఒకటుంది, ఇంకా ఎవరి స్కీలూ గీత గీయని దాని మంచు మీద మొదటి గీత నాది కావాలి. ఒక్కసారి. ఇరవయ్యేడేళ్ళుగా తెషిమా గారి గీతల మధ్య మిగిలిన సందుల్లో, ఎంగిలి పళ్ళెంలో మెతుకులు ఏరుకున్నట్టు జారాను. ఈసారి తాజా వడ్డన కావాలి.

వరస సంగతి చెప్పాలి. మా ఊళ్ళో వరస అంటే చుట్టరికం కాదు, అంతకంటే గట్టిది. మరదలి విషయంలో వరస తప్పినవాడిని పదేళ్ళకి క్షమిస్తారు గాని, లిఫ్టు దగ్గర వరస తప్పినవాడికి కొత్త సంవత్సరం కార్డు కూడా రాదు. లిఫ్టు గది గోడ మీద నియమాల బోర్డు ఉంది. మూడోది: "స్కీలు నిలబెడితే మనిషి నిలబడినట్టే. ఇతరుల స్కీలను ముట్టరాదు." తెల్లారకముందే వచ్చి మంచులో స్కీలు నాటేసి, ఇంటికి పోయి పడుకోవచ్చు. ఆ కర్రలే మనిషి. వాటిని దాటడమంటే మనిషి భుజం మీంచి దాటడమే.

నాలుగోది: "ఒక మనిషికి ఒకే జత. అదనపు జత వరస చివరికి పోవాలి." దీని కర్తను నేనే. తెషిమా గారు తన జత కాకుండా భార్యకొక జత, బావమరిదికొక జత నాటి, ముగ్గురి చోటు ఒక్కడే కొట్టేస్తున్నాడని ఊరి సంఘంలో బల్ల గుద్దాను. ముప్పై ఏడు సంతకాలు సేకరించాను. సంతకం పెట్టినప్పుడు అందులో సగం మంది మెడ మీద నా కత్తి ఉన్న మాట నిజమే. నియమం వచ్చింది. తెషిమా గారు, "మేం ముగ్గురం మనుషులమే కదండీ," అని నవ్వి, మళ్ళీ మూడు జతలే నాటాడు.

సరే. ఆ సోమవారం ఆరుకి పది నిమిషాల ముందు కొండ కిందికి చేరాను. భుజాన కొత్త స్కీలు. ఇలాంటి మంచు కోసమే కొన్నవి, నీలం రంగువి, ఒక్కోటీ పీటంత వెడల్పు. ఇంకా పడుతోంది మంచు. గాలి లేదు. అడుగు వేస్తే చప్పుడు లేదు. అరచేతిలోకి తీసుకుని ఊదితే ఎగిరిపోయేంత పొడిమంచు. నలభై ఎనిమిది సెంటీమీటర్లని బోర్డు మీద రాసి ఉంది. నా గుండె ఎగిరింది, మోకాలు మూలిగింది.

లిఫ్టు గేటు ముందుకి వచ్చేసరికి అక్కడ అప్పటికే ఒక జత నాటి ఉంది.

తెషిమా గారివి కావవి. తెల్లారకముందే నాటి వెళ్ళినట్టున్నారు, చుట్టూ మంచు పేరుకుని అచ్చం మంచు స్తంభంలా ఉంది. కొసన మాత్రం వేలెడు ముక్క ఎర్రగా కనిపిస్తోంది. ఎర్రరంగూ, సూదిలాంటి మొనా చూస్తే పాతికేళ్ళ నాటి సన్నటి స్కీలని తెలుస్తోంది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ప్రతివాడి స్కీలూ ఎర్రవే, సహకార దుకాణంవాళ్ళు ఒక్క రంగే తెప్పించేవారు. మంచు దులిపి చూద్దామంటే మూడో నియమం. నా కొత్త స్కీలు రెండో చోట నాటి, ఆ స్తంభాన్ని చూస్తూ నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. రానివి అక్కడికక్కడే కనిపెట్టాను.

ఆరూ పదికి తెషిమా గారొచ్చాడు, మూడు జతలు మోసుకుంటూ, రొప్పుతూ. మంచు తీసే బండి వీధి మంచంతా తెచ్చి సరిగ్గా ఆయన వాకిట్లో గోడ కట్టి పోయిందట. ఆ బండి నడిపేవాడికి ఆయన క్రితం నెల నొప్పి ఉన్న పన్ను వదిలేసి పక్కది పీకాడని ఊళ్ళో అనుకుంటున్నారు. దీని మీద నేను ఏ వ్యాఖ్యా చేయను.

"ఓహో, కుసాకరి గారు! ఇవాళ మీరే మొదలా?" అన్నాడు.

"మొదలు నేను కాదండీ, ఇదిగో ఈ మొద్దు," అని స్తంభాన్ని చూపించాను.

ఆయన వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, నోరు తెరిచిన రోగిని చూసినట్టు చూశాడు. "ఈ కాలంలో ఇంత సన్న స్కీల మీద ఎవరెక్కుతారండీ? ఎవరో పాత పిసినారి."

"పిసినారే కాదు, సిగ్గులేనివాడు కూడా," అన్నాను. "తను పడుకుని కర్రల్ని పంపాడు. రేపు పెళ్ళికి చెప్పుల్ని పంపుతాడు."

తెషిమా గారు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆయన నవ్వు చూస్తే ప్రకటన బోర్డు చూసినట్టుంటుంది. ఇరవయ్యేడేళ్ళలో మేమిద్దరం ఒకే పక్షాన నిలబడి ఒకణ్ణి తిట్టడం అదే మొదలు. తిట్టుకి మించిన సిమెంటు లేదు.

ఎనిమిదింటికి వరస నలభై ముగ్గురయింది. తెషిమా గారి భార్య, బావమరిది ఆవులిస్తూ వచ్చి తమ కర్రల పక్కన వెలిశారు. వాళ్ళ వెనక హమాయె పెద్దమ్మ. డెబ్భై ఆరేళ్ళు, పాడి ఆవులు సాకిన చేతులు, తనే అల్లుకున్న ఆకుపచ్చ టోపీ. ఆ వెనక సప్పోరో నుంచి వచ్చిన ఒక జంట, నెత్తిన కెమెరాలు పెట్టుకుని. మంచుని కంటితో చూస్తే పాపమేమో, యంత్రంతోనే చూస్తారు వాళ్ళు.

మంచు ఆగింది. ఆకాశం కడిగిన గిన్నెలా అయింది. కుందేలు వాలు పైనుంచి కింది దాకా ఒక్క మడత లేకుండా, ఇప్పుడే ఇస్త్రీ చేసి పరిచిన దుప్పటిలా పడి ఉంది. నలభై ముగ్గురం నోరెత్తకుండా దాన్నే చూస్తున్నాం. అలాంటి మంచు చూశాక మనిషి మంచం దిగకుండా ఎలా ఉండగలడని ఆ ఎర్ర స్కీలవాడి మీద నాకు మళ్ళీ మండింది.

ఎనిమిదిన్నరకి లిఫ్టు కదిలింది. దాన్ని నడిపేది ఒగుని. వేసవిలో ఖర్బూజాలు పండిస్తాడు, చలికాలం మనుషుల్ని కుర్చీల్లో ఎక్కిస్తాడు. రెంటినీ ఒకే జాగ్రత్తతో, ఒకే మాటా లేకుండా చేస్తాడు. మొదటి కుర్చీ మీది మంచు చీపురుతో దులిపి, టోపీ తీసి, "మొదటివారు రావాలండీ," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. కుర్చీ ఖాళీగా పైకి పోయింది.

ఒగుని రెండో కుర్చీ దులిపాడు. "మొదటివారు రావాలండీ."

అదీ పోయింది. మూడోదీ పోయింది. ఒగుని ఒక్కో కుర్చీని పెళ్ళికూతుర్ని సింగారించినట్టు దులుపుతున్నాడు, కుర్చీ ఒంటరిగా కొండెక్కి, అవతలివైపు నుంచి ఒంటరిగా దిగి వస్తోంది.

"ఒగునీ," అన్నాను, "మొదటివాడు రాలేదయ్యా. ఏం చేద్దాం?"

"నాదేం లేదండీ. మొదటివారు ఎక్కితే రెండోవారిని పిలుస్తాను."

"వాడు రాకపోతే?"

"వస్తారండీ. స్కీలున్నాయి కదా."

సప్పోరో కుర్రాడు మెల్లగా ముందుకొచ్చి, "ఏమైనా సమస్యా అండీ?" అని అడిగాడు. తెషిమా గారు మూడో నియమం వివరించాడు. పెద్ద ఊరివాడు కదా, నవ్వుతాడు, మమ్మల్ని పక్కకి నెట్టి ఎక్కేస్తాడు అని నేను చిన్న ఆశ పెట్టుకున్నాను. వాడు గౌరవంగా తలాడించి, "అయ్యో, అలాగా," అని వెనక్కి పోయి తన చోట నిలబడ్డాడు. దేశమంతా ఒకే తాను గుడ్డ. ఎక్కడ కత్తిరించినా ఇదే నేత.

"తోసెయ్యండి నాయనా ఆ కర్రల్ని," అంది హమాయె పెద్దమ్మ.

"పెద్దమ్మా, ముట్టకూడదు," అన్నాడు తెషిమా గారు.

"అయితే ఎప్పటికి తేలుస్తారో చెప్పండి, పాయిఖానాకైనా పోయొస్తాను."

తెషిమా గారు ఊరి స్కీ సంఘానికి అధ్యక్షుడు కూడా. అధ్యక్షుడికి సమస్య కనిపిస్తే సమావేశం పెడతాడు. మంచులో నిలబెట్టే సమావేశం పెట్టాడు. మైకులో పిలవాలని తీర్మానం. "ఎర్ర స్కీల యజమాని ఎక్కడున్నా దయచేసి లిఫ్టు దగ్గరికి రావాలి," అని ఒగుని మూడుసార్లు కొండకి వినిపించాడు. కొండ మూడుసార్లూ తిరిగి మాకే వినిపించింది. తొమ్మిది దాకా ఆగాలని రెండో తీర్మానం. తొమ్మిదికి ఏం చేయాలో తొమ్మిదికి సమావేశమై తేల్చాలని మూడోది. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తిన చెయ్యి చూసుకుని నాకే అసహ్యం వేసింది.

ఎందుకంటే అవతల వాలు నెత్తిన ఎండ పడింది. కుందేలు వాలు దక్షిణం చూస్తుంది. తొమ్మిదిన్నర దాటితే ఆ పొడి తడిసి పిండిముద్ద అవుతుంది. అప్పుడు ఎవడు మొదట దిగినా పొడిచేదేమీ ఉండదు. ఇరవయ్యేడేళ్ళ ఆకలి, ముందు విస్తరి, వడ్డించినవి కళ్ళముందే చల్లారిపోతున్నాయి. అందరూ "మీరు మొదలెట్టండి" అనే పెద్దమనిషి కోసం చూస్తున్నారు. ఆ పెద్దమనిషి ఒక జత కర్రలు!

"వెన్నులేని వెధవ!" అని గట్టిగా అరిచాను. "దొంగతనంగా చోటు పట్టి, నలభై మూడు మందిని నిలబెట్టి, తను వెచ్చగా పడుకున్నాడు. వాడి మొహం చూడాలి. చూసి, ఒక్కసారి నా కుర్చీలో కూచోబెట్టి, సగం గొరిగి వదిలెయ్యాలి!"

"గొరగాల్సిందే," అన్నాడు తెషిమా గారి బావమరిది.

"గుండు కొట్టాలి," అంది హమాయె పెద్దమ్మ. వెనక వరసంతా నవ్వింది. తిట్టేవాడికి జనం నవ్వితే ఆగుతాడా? ఇంకో పావుగంట తిట్టాను. తొమ్మిదికి పది నిమిషాలుందనగా నోరు అలిసి, ఆకలేసి, అన్నం మూట విప్పాను.

మా ఆవిడ సావాకో సోయా పాలు విరిచి టోఫు చేసే దుకాణంలో పని చేస్తుంది. నాలుగింటికల్లా వెళ్ళిపోతుంది. వెళ్ళే ముందు అన్నం ముద్దలు గుడ్డలో కట్టి బల్ల మీద పెడుతుంది, నేను కళ్ళు మూసుకునే తీసుకుని వచ్చేస్తాను. గుడ్డ విప్పితే ముద్దల మీద మడిచిన కాగితం ఉంది. సావాకో గుండ్రటి అక్షరాలు:

"ఏవండీ, దుకాణానికి పోతూ మీ పాత ఎర్ర స్కీలు వరసలో మొదట నాటాను. కొత్తవి మీరు పక్కలో పెట్టుకుని పడుకున్నారు, లాగితే లేస్తారని ముట్టలేదు. వెళ్ళగానే పాతవి తీసేసి కొత్తవి పెట్టుకోండి. ఇవాళైనా ఎవర్నీ తిట్టకండి."

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే అక్షరాలు ఊగాయి.

అయితే ఆ వెన్నులేని వెధవ నేనే. పొద్దున్నించి నేను నా వెనకే నిలబడి, నన్ను దాటకూడదని నాకే దారి ఇస్తూ, నన్నే బండబూతులు తిడుతున్నాను. నాలుగో నియమం నా కళ్ళముందు వెలిగింది. ఒక మనిషికి ఒకే జత. తన ఒక్కడి కోసమే రెండు చోట్లు పట్టిన వాడు ఈ కొండ చరిత్రలో ఒక్కడే, వాడే ఆ నియమం రాసినవాడు. నిజం చెబితే చివరికి పోవాలి, నలభై రెండు మంది మొహాలు దాటుకుంటూ. చెప్పకపోతే తొమ్మిదికి సమావేశం. సమావేశం తర్వాత పిండిముద్ద. బుధవారం ఆసుపత్రి.

"ఏమిటండీ అది, ఉత్తరమా?" అన్నాడు తెషిమా గారు.

"ఊరగాయ," అని చెప్పి కాగితాన్ని అన్నం ముద్దలో కూరి, ముద్దని నోట్లో కూరాను. సావాకో ఉప్పు సరిగ్గా వేసింది. ఇంకు మాత్రం కాస్త చేదు.

నమిలి మింగేసరికి ఉపాయం కూడా దిగింది. నోరు తుడుచుకుని వరస మొత్తానికి ఎదురుగా తిరిగాను.

"అయ్యా, అమ్మా! ఇంక నా వల్ల కాదు. ఈ మంచు మనందరిదీ. ఒక్క సిగ్గులేనివాడి కోసం నలభై ముగ్గురు బలి కాకూడదు. ఇతరుల స్కీలని ముట్టడం తప్పే. ఆ తప్పు నేను చేస్తున్నాను. కార్డులు రాకపోతే పోనీ!"

వరసంతా ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చింది. తెషిమా గారు, "కుసాకరి గారూ, వద్దండీ, వద్దు!" అని చెయ్యి చాపాడు. నా చెయ్యి పట్టుకోలేదు, చాపాడంతే. నేను స్తంభాన్ని రెండు చేతులా కావిలించుకుని పెకలించాను. వీరుణ్ణి అనుకున్నాను. అర నిమిషం పాటు వీరుణ్ణే. వెనకనుంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఆ ఊపులో స్కీలని నేలకేసి కొట్టి, "పో!" అన్నాను.

కొట్టిన దెబ్బకి మంచంతా రాలింది.

మా ఊళ్ళో గొడుగు నుంచి గరిటె దాకా ప్రతి వస్తువు మీదా పేరు రాసుకుంటాం. ఎర్ర స్కీల మీద, అడుగు పొడవున, లావు కుంచెతో, తెల్ల రంగుతో, నా దుకాణం బోర్డు మీద ఉన్న అక్షరాలే. హమాయె పెద్దమ్మకి చత్వారం, దగ్గరివి కనబడవు, దూరానివి బాగా కనిపిస్తాయి. ఆమె సరిగ్గా సరిపోయే దూరంలో నిలబడి ఉంది.

"కు-సా-క-రి మి-నే-ఓ," అని కూడబలుక్కుని చదివింది. "ఒరే నాయనా! నీవే కదరా!"

అప్పటి నిశ్శబ్దంలో ఖాళీ కుర్చీ ఒకటి కిర్రుమంటూ పైకి పోయింది. ఒగుని దాన్నీ దులిపాడు.

"మా ఆవిడ..." అని మొదలుపెట్టాను. పెళ్ళాం వెనక దాక్కున్న మగవాడి వాక్యాన్ని ఎవరూ పూర్తి చేయనివ్వరు. బావమరిది గొంతు సవరించుకున్నాడు. సప్పోరో జంట నెత్తిన కెమెరాల ఎర్రదీపాలు వెలుగుతున్నాయి. నేను నడుం వంచి, చేతులు తొడలకి ఆనించి, "క్షమించాలి," అన్నాను. మంచు వైపు చూస్తూ అలాగే ఉండిపోయాను. ఎంతసేపు వంగి ఉండాలో అంతకంటే ఎక్కువే ఉన్నాను. లేస్తే మొహాలు చూడాలి కదా.

తెషిమా గారు బోర్డు దగ్గరికి నడిచిన చప్పుడు వినిపించింది. "నాలుగో నియమం," అని చదివాడు, కోర్టు గొంతుతో. "ఒక మనిషికి ఒకే జత. అదనపు జత వరస చివరికి పోవాలి."

"పోతానండీ," అన్నాను.

"ఉండండి. 'అదనపు జత' పోవాలని రాశారు మీరు. మనిషి పోవాలని రాయలేదు." మళ్ళీ చదివాడు, వేలు పెట్టి. "మొదట నాటినవి ఎర్రవి. కాబట్టి ఎర్రవి మీ జత. నీలంవి అదనపు జత. నీలంవి చివరికి పోవాలి. మీరు ఎర్రవాటితో మొదట ఎక్కాలి. నియమం అంటే నియమం. ఏమంటారు?"

అందరూ చేతులెత్తారు. ఈసారి నేను ఎత్తలేదు. ఒగుని నా కొత్త నీలం స్కీలని రెండు చేతుల మీదా, పండిన ఖర్బూజాలని మోసినట్టు మోసుకుపోయి, వరస చివర నాటి, వాటికి ఓ నమస్కారం పెట్టి వచ్చాడు.

బుర్ర గొరగడమంటే ఇది. నలభై ఎనిమిది సెంటీమీటర్ల పొడిమంచులోకి పీటల్లాంటి స్కీలు మానేసి పుల్లల్లాంటి వాటి మీద దిగాలి. తేలేవి అక్కడ, ములిగేవి ఇక్కడ. స్కీలు మార్చినా బూట్లు మార్చలేదు నేను, అందుచేత పాత కొక్కేలు నా మడమల్ని టక్కున పట్టుకున్నాయి. పిసినారితనం కూడా ఒక్కోసారి మనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

మా లిఫ్టు కుర్చీలో ఇద్దరు కూచుంటారు. రెండోవాడు తెషిమా గారు. ఎనిమిది నిమిషాల ప్రయాణం. మొదటి నాలుగు నిమిషాలు ఎవరి మోకాళ్ళు వాళ్ళు చూసుకున్నాం.

"ఆ నియమం భాష బాగా రాశారండీ," అన్నాడాయన. "ఎక్కడా సందు లేదు."

"మీరు దూరారు కదా, సందు లేకపోవడమేమిటి?"

పళ్ళు కనబడకుండా నవ్వాడు. అది నేనెప్పుడూ చూడలేదు. "బుధవారమేనటగా? మీ ఆవిడ పళ్ళు చూపించుకోడానికి వచ్చినప్పుడు చెప్పారు."

ఈ మనిషి నా మీద జాలిపడి తీర్పు చెప్పాడేమోనన్న అనుమానం వచ్చింది. ఇరవయ్యేడేళ్ళు కష్టపడి పెంచిన అసహ్యం అది, ఎనిమిది నిమిషాల్లో పాడవనిస్తానా? "మీరు మాత్రం నా వెనకాలే రండి," అన్నాను. "పన్నులు వెనక్కి రావు గాని, పన్ను డాక్టర్లు రావొచ్చు."

"అలాగేనండీ," అన్నాడు. ఎంత పొగరు!

పైన, వాలు అంచున నిలబడ్డాం. కొత్త మంచు పడ్డ రోజున ఆ వాలు మీద ఒకసారి ఒక్కరే దిగాలి. దిగినవాడు కింద నిలబడి చేతికర్ర పైకెత్తితేనే పైవాడు కదలాలి. అవతలివాడు మంచులో పడి కనబడకుండా పోతే వాడి మీదికి ఎక్కకుండా ఉండడానికి పెట్టుకున్న కట్టుబాటు. బోర్డు మీద రాయలేదు, అయినా ఎవరూ తప్పరు.

నేను కదిలాను.

మొదటి మలుపులోనే పాత స్కీలు నన్ను మోయడం మానేసి ములిగాయి. రెండో మలుపుకి మోకాళ్ళు కనబడలేదు, మూడోదానికి నడుం కనబడలేదు. మంచు తెరలా లేచి రొమ్ముకి తగిలి, గడ్డం కిందనుంచి మొహం మీదికి వచ్చి, భుజాల మీంచి వెనక్కి పోతోంది. నోరు తెరిస్తే నోటినిండా మంచు. చప్పుడు లేదు. బరువు లేదు. కింద నేల ఉందన్న సంగతి మోకాలు కూడా మర్చిపోయింది. వెడల్పు స్కీల మీదయితే మంచు పైన తేలేవాణ్ణి, అది జారడం. ఇది లోపల ఉండడం. సన్నస్కీల రోజుల్లో, పాతికేళ్ళ వయసులో, ఎప్పుడో ఇలాగే ఉండేదని ఒళ్ళు గుర్తుచేసుకుంది. నాలుగో మలుపులో నేను గట్టిగా అరిచాను. ఏం అరిచానో తెలియదు, తిట్టు మాత్రం కాదు.

ఐదో మలుపులో ఎడమ స్కీ మొన దేన్నో గుచ్చుకుంది. నేను ఎగిరి, తిరిగి, తలకిందులై, దూదిలో పడ్డట్టు పడ్డాను. దెబ్బ లేదు. మంచులోంచి తల పైకి పెట్టి చూసుకున్నాను. కుడి స్కీ కాలికి ఉంది. ఎడమది లేదు. పొడిమంచులో ఊడిన స్కీ నేలకింద ఎలకలా పోతుంది, ఏ పక్కకి పోయిందో తెలియదు.

వెనక్కి తిరిగి చూశాను. పైనుంచి నా దాకా నా గీత. ఐదు మలుపులు, ఒక్కటీ ఇంకోదానిలా లేదు, తాగినవాడి సంతకంలా ఉంది. ఆ గీత పైకొసన, అంచు మీద, తెషిమా గారు మూడు బిళ్ళలతో నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన భార్య, బావమరిది. ఆ పక్కన ఆకుపచ్చ టోపీ. లిఫ్టు ఇద్దరిద్దర్ని దింపుతున్నకొద్దీ అంచు పొడవునా మనుషులు పేరుకుంటున్నారు. ఒక్కడూ అంచు దాటడం లేదు. నేను చేతికర్ర ఎత్తలేదు కదా.

"కుసాకరి గారూ! దెబ్బేం తగల్లేదు కదా?" అని తెషిమా గారి గొంతు దిగింది.

"లేదండీ! స్కీ పోయింది, వెతుక్కుంటున్నాను!"

"సాయం రమ్మంటారా?"

"వద్దు! మీరు దిగితే మంచు కలిసిపోయి అసలే దొరకదు!"

"నిజమే, నిజమే!" అన్నాడు. అందరూ తలాడించడం ఇక్కడిదాకా కనిపించింది.

మోచేతి దాకా మంచులో చెయ్యి దూర్చి, అటూ ఇటూ కలియబెట్టాను. నాలుగోసారికి వేళ్ళకి గట్టిగా, చల్లగా, సన్నగా తగిలింది. ఎర్ర స్కీ. నా పేరు మీదే చెయ్యి పడ్డట్టుంది, రంగు గరుకుగా తగిలింది.

కిందికి చూశాను. వాలులో సగానికి పైగా ఇంకా కిందే ఉంది. ఒక పక్క ఎండ పడి బంగారంలా, ఒక పక్క నీడలో నీలంగా, ఒక్క గీత లేకుండా నాకోసం పడి ఉంది. ఎండ అంచు ఇక్కడికి రావడానికి ఇంకో పది నిమిషాలుంది. చెట్ల మీంచి గుప్పెడు మంచు రాలితే అది పడిన చప్పుడు వినిపించింది. ఊరి నుంచి ఏ శబ్దమూ లేదు. నలభై ఇద్దరు బుద్ధిమంతులు నెత్తిమీద క్రమశిక్షణతో నిలబడి నాకు కాపలా కాస్తున్నారు. రాజులకి కూడా ఇంత మంచి కాపలా ఉండి ఉండదు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "పదండర్రా" అని దూకి ఉంటే వాడికి ఏడాది పాటు ఉచితంగా జుట్టు కత్తిరించేవాణ్ణి.

స్కీని బయటికి లాగలేదు. దాని మీద అరచెయ్యి ఆనించి, కుడికాలు మెల్లగా చాపుకుని, మంచుకి వీపు ఆనించి కూచున్నాను. కుర్చీ కంటే మెత్తగా ఉంది.

"దొరికిందా అండీ?" అని పైనుంచి మళ్ళీ కేక.

"ఇంకా లేదండీ!" అని అరిచాను. "వెతుకుతూనే ఉన్నాను!"